ఓడ ఎక్కే రోజున అందరూ ఒక్కచోటే ఉండాలా?

ప్రశ్న: డిసెంబరు సెలవులకు సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్ బుక్ చేసుకున్నాం. మలేషియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ చూపించి మళ్ళీ సింగపూర్‌లోనే దింపుతారు. మేము నలుగురం, అత్తయ్యగారు, మామయ్యగారు, మా ఆడపడుచు వాళ్ళు నలుగురు, మావారి స్నేహితుడి కుటుంబం నలుగురు, మొత్తం 14 మందిమి. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, పైగా పూర్తి శాకాహారి. మామయ్యగారు ఇన్సులిన్ తీసుకుంటారు. మా అబ్బాయికి 13, అమ్మాయికి 7 ఏళ్ళు. పోయిన ఏడాది ఇదే బృందంతో గోవా వెళ్తే మొదటి రోజు సాయంత్రానికే ఒకరితో ఒకరు ముభావంగా అయిపోయారు. ఈసారీ ఏర్పాట్లన్నీ నా నెత్తినే పడ్డాయి. మాలో ఎవరూ ఇంతకుముందు ఓడ ఎక్కలేదు. మొదటి రోజున ఏ గంటకు ఏం చేయాలో ఒక పట్టిక రాసి వాట్సాప్ గ్రూపులో పెడదామనుకుంటున్నాను. ఎలా రాయాలో చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, మియాపూర్, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ఆ పట్టిక ఆలోచనను ముందు పక్కన పెట్టమనే నా సలహా. ఓడ ఎక్కే రోజున కాలం మీ చేతిలో ఉండదు. టెర్మినల్‌కు ఎన్నింటికి రావాలో, గదులు ఎప్పుడు ఇస్తారో, భద్రతా డ్రిల్లు (ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో, ఏం చేయాలో నేర్పే అభ్యాసం) ఎప్పుడో, ఓడ రేవు ఎప్పుడు విడుస్తుందో అన్నీ ఓడవాళ్ళే నిర్ణయిస్తారు. వాటి మధ్య మిగిలే సమయంలో 14 మందిని ఒకే గుంపుగా నడిపించబోతే నలుగురు లిఫ్టు దగ్గర, ఆరుగురు బఫేలో, మిగిలినవాళ్ళు ఈతకొలను దగ్గర ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ గడుపుతారు. గోవాలో ఏం జరిగిందో మీరు వివరంగా రాయలేదు గానీ, ఆకలితో ఉన్నవాళ్ళు, ఆలస్యం చేసేవాళ్ళు, ఏం జరుగుతోందో తెలియక విసుక్కునేవాళ్ళు ఒకే వ్యానులో ఉంటే ఏమవుతుందో ఎవరైనా ఊహించగలరు. అందుచేత ఆ రోజున మీరంతా తప్పనిసరిగా కలవవలసిన చోట్లు రెండే పెట్టుకోండి: ఉదయం టెర్మినల్ గుమ్మం ముందు, రాత్రి భోజనాల బల్ల దగ్గర. ఈ మధ్యలో ఏ కుటుంబం దారి దానిది.

అయితే అలా వదిలేయగలగాలంటే కొన్ని పనులు హైదరాబాద్‌లో ఉండగానే తేలిపోవాలి. వాటిలో మొదటిది, ఓడ బయల్దేరే రోజు ఉదయమే సింగపూర్‌లో దిగే ఆలోచన ఉంటే మానుకోవడం. శంషాబాద్ నుంచి నేరుగా వెళ్ళే విమానం నాలుగున్నర గంటల ప్రయాణమే కాబట్టి, రాత్రి ఎక్కి తెల్లవారి దిగి మధ్యాహ్నానికి ఓడ ఎక్కేస్తే ఒక రాత్రి హోటలు ఖర్చు మిగులుతుందని చాలామంది లెక్క వేస్తారు. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదన్న సంగతి అలా ఉంచండి; రాత్రంతా నిద్రలేని పెద్దవాళ్ళను, పిల్లలను క్యూలో నిలబెట్టడమే మీ గోవా సాయంత్రానికి నాంది. పైగా సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ముందురోజే చేరుకుంటే మామయ్యగారి ఇన్సులిన్ వేళలను, భోజన వేళలను కొత్త సమయానికి సర్దుకోవడానికి ఒక పూట దొరుకుతుంది. ఎలా సర్దాలో ఇక్కడే ఆయన డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించుకోండి.

రెండవది కాగితాలు. పాస్‌పోర్టులకు ప్రయాణం తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. సింగపూర్‌కు మనవాళ్ళకు వీసా తప్పదు. మీరు ఓడలో బయటికి వెళ్ళి మళ్ళీ అక్కడికే వస్తారు కాబట్టి ఆ వీసా ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశానికి చెల్లుతుందో లేదో ప్రతి ఒక్కరిదీ విడివిడిగా చూడండి. మలేషియా, థాయిలాండ్ నిబంధనలు తరచూ మారుతుంటాయి. బయల్దేరే నెలలో ఆ ప్రభుత్వాల వెబ్‌సైట్లలోనే చూసుకోవాలి గానీ, నిరుడు వెళ్ళొచ్చిన పక్కింటివాళ్ళ మాట నమ్మకూడదు. సింగపూర్ అరైవల్ కార్డును చేరడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. దానికి డబ్బు అడిగే సైటు కనబడితే అది ప్రభుత్వానిది కాదని గ్రహించండి. ఇక పాస్‌పోర్టులన్నీ భద్రంగా ఉంటాయని 14 మందివీ మీ సంచిలో వేసుకోవద్దు. ఏ కుటుంబానివి ఆ కుటుంబమే పట్టుకోవాలి, అత్తమామలవి మీవారు పట్టుకోవాలి. కొన్ని ఓడల్లో ఎక్కేటప్పుడు పాస్‌పోర్టులు తీసుకుని ప్రయాణం చివరిదాకా తమ దగ్గరే ఉంచుకుంటారు. అది మామూలే, కంగారు పడనవసరం లేదు. నకలు ఒకటి, ఫోనులో ఫోటో ఒకటి ఉంటే చాలు.

మూడవది సామాను. నిజానికి మొదటి రోజు సుఖంగా గడుస్తుందా లేదా అన్నది సగం దీని మీదే ఆధారపడి ఉంటుంది. టెర్మినల్‌లో పెద్ద పెట్టెలకు గది నంబరున్న ట్యాగులు కట్టి కూలీలకు అప్పగించిన తర్వాత అవి మళ్ళీ కనిపించేది చాలా గంటల తర్వాత, ఒక్కోసారి చీకటి పడ్డాకే. అంతసేపూ మీ దగ్గర ఉండేది చేతిసంచి ఒక్కటే. అందులో ఏముండాలో ఒక్కొక్క కుటుంబానికీ ముందే చెప్పండి: మందులన్నీ, వాటి ప్రిస్క్రిప్షన్లు, ఫోను ఛార్జర్లు, కళ్ళజోళ్ళు, ఒక జత బట్టలు, పిల్లల ఈత దుస్తులు. ఓడ ఎక్కగానే కొలను కనిపిస్తుంది, మీ అమ్మాయి ఈత దుస్తులేమో ఎక్కడో కింది డెక్కులో (అంతస్తులో) పెట్టెలో ఉంటాయి; ఏడేళ్ళ పిల్లకు ఆ సంగతి నచ్చజెప్పడం ఎవరి తరమూ కాదు. డిసెంబరులో సింగపూర్‌కు వానలెక్కువ కనుక మడత గొడుగు ఒకటి కూడా పెట్టుకోండి. మామయ్యగారి ఇన్సులిన్ మాత్రం ఏ పరిస్థితిలోనూ పెద్ద పెట్టెలోకి పోకూడదు. ఎక్కగానే గెస్ట్ సర్వీసెస్ కౌంటరుకు వెళ్ళి, మందు చల్లగా ఉంచే ఏర్పాటు అడగండి. గదుల్లోని చిన్న ఫ్రిజ్‌లు పానీయాలకు సరిపోతాయి గానీ ఇన్సులిన్‌కు తగినంత చల్లగా ఉండకపోవచ్చు. క్యూలో ఆలస్యమైతే తినడానికి బిస్కెట్లో, అరటిపండో ఆయన చేతిలో ఉండాలి.

ఇక మన ఇళ్ళలో తప్పక వచ్చే చర్చ ఒకటుంది. ప్రయాణమంటే చిన్న రైస్ కుక్కరు, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె సర్దుకోవడం మనకు అలవాటు. ఓడలో ఈ మూడూ నిషిద్ధమే, ఎందుకంటే నడిసముద్రంలో అగ్నిప్రమాదాన్ని మించిన భయం ఇంకొకటి లేదు. ఎక్స్‌రేలో ఇవి కనిపిస్తే ఆ పెట్టెను గదికి పంపకుండా ఆపేస్తారు. సాయంత్రం మీరు వెళ్ళి, క్యూలో నిలబడి, వాళ్ళ ముందు పెట్టె విప్పి చూపించాలి. అగరుబత్తి, కొవ్వొత్తి, దీపపు కుందిలో ఒత్తి వెలిగించడం కూడా కుదరదు. అత్తయ్యగారు రోజూ దీపం పెట్టే మనిషైతే ఈ మాట ఓడలో కాకుండా ఇంట్లోనే, మీవారి చేత చెప్పించండి. ఇంట్లో పట్టిన ఆవకాయ సీసాను చాలా ఓడల్లో లోపలికి రానివ్వరు. కంపెనీ సీలు వేసిన కారప్పొడి, పచ్చడి పొట్లాలను సాధారణంగా అనుమతిస్తారు. మాంసపు పచ్చళ్ళ జోలికి మాత్రం వెళ్ళవద్దు. తాము అనుమతించిన దేశాల నుంచి తప్ప మాంస పదార్థాలను సింగపూర్ రానివ్వదు. బృందంలో ఎవరికైనా గుట్కా, ఖైనీ అలవాటు ఉంటే, లేదా ఈ-సిగరెట్ ఉంటే, శంషాబాద్ చేరకముందే వదిలించుకోవాలి. అవి సింగపూర్‌లో నిషిద్ధం. చ్యూయింగ్ గమ్ కూడా అంతే.

ఇన్ని పనులు ఒక్కరే చూసుకోవడం ఎందుకు? పెళ్ళిలో విడిదికి ఒకరిని, వంటశాలకు ఒకరిని, చదివింపులకు ఒకరిని పెడతాం కదా, ఇక్కడా అలాగే పంచండి. మీ ఆడపడుచుకు భోజనాల సంగతి అప్పగించండి. ఆమె తల్లి తిండి విషయం ఆమె చూసుకుంటే మీకు మాట కూడా రాదు. మీవారి స్నేహితుడికి టెర్మినల్‌కు చేర్చే వాహనాల సంగతి ఇవ్వండి. మీవారికి తల్లిదండ్రుల వీల్‌చైరు, మందులు, పాస్‌పోర్టులు. మీకు మీ పిల్లలు మాత్రమే.

వీల్‌చైరు మాట వచ్చింది కనుక దాని గురించి రెండు మాటలు. మోకాళ్ళ నొప్పులున్నవారికి టెర్మినల్‌లో సహాయం కావాలని ఓడ కంపెనీకి ముందుగానే రాసి పెట్టాలి. అప్పటికప్పుడు అడిగితే దొరకవచ్చు, దొరకకపోవచ్చు. మీరు ఓడ ఎక్కేది మరీనా బే క్రూజ్ సెంటర్ నుంచి అయితే, దగ్గరలోనే మరీనా సౌత్ పియర్ మెట్రో స్టేషను ఉన్నా, అత్తయ్యగారినీ పెట్టెలనూ మెట్రోలో తిప్పవద్దు. టాక్సీనో పెద్ద వ్యానో మాట్లాడుకోండి. లోపల విమానాశ్రయం పద్ధతే. సామాను అప్పగింత, తనిఖీ, ఫోటో తీసి కార్డు ఇవ్వడం, ఇమిగ్రేషన్, ఆ తర్వాత ఓడలోకి వంతెన. కార్డు గీసినప్పుడల్లా ‘టింగ్’మని ఒక చప్పుడు, తెర మీద మీ ముఖం, ఆ క్షణం నుంచి ఆ కార్డే మీ తాళంచెవి, మీ పర్సు, మీ గుర్తింపు. పిల్లల కార్డులతో ఎంతవరకు ఖర్చు చేయవచ్చో ఆ రోజే కౌంటరులో పరిమితి పెట్టించండి. లేకపోతే ఆటల యంత్రాల దగ్గర మీ అబ్బాయి ఆడిన ఆటల లెక్క చివరి రోజు బిల్లులో తేలుతుంది.

ఓడలోకి అడుగు పెట్టగానే అందరూ పై డెక్కులోని బఫేకే పోతారు. గదులు ఇంకా సిద్ధం కావు, భుజాన సంచులు, చేతిలో పళ్ళేలు, కూర్చోవడానికి చోటు ఉండదు. ఆ సమయంలో పెద్ద భోజనశాల కూడా తెరిచి ఉంటుందేమో గుమ్మం దగ్గరి సిబ్బందిని అడగండి. చాలా ఓడల్లో తెరిచే ఉంటుంది, అక్కడ కూర్చోబెట్టి వడ్డిస్తారు, అత్తయ్యగారికి అదే మేలు. ఆమె శాకాహారి అన్న సంగతి బుకింగ్‌లోనే నమోదు చేయించి ఉంటారనుకుంటాను. చేయించకపోతే ఈ వారమే చేయించండి. మీ ఆడపడుచు ఆ మధ్యాహ్నమే భోజనశాల పెద్దను కలిసి, గుడ్డు కూడా తినరని, రాత్రికి అన్నం, పప్పు, తియ్యదనం లేని పెరుగు కావాలని విడమరచి చెప్పాలి. చివరి మాట వదిలిపెట్టవద్దు. బఫేలో కప్పుల్లో పెట్టే పెరుగు చాలాసార్లు పళ్ళ రుచితో తియ్యగా ఉంటుంది. పెరుగన్నం కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక అది తెలిస్తే, ఆ పూట ఆమె మరేమీ ముట్టుకోరు.

భద్రతా డ్రిల్లు విషయంలో మాత్రం దారి ఎవరిదివారిది అన్న నా మాటను వర్తింపజేయవద్దు. ఇది ఒక్కరు కూడా తప్పించుకోకూడని పని. 1912లో టైటానిక్ మునిగిన తర్వాత 1914లో వివిధ దేశాలు కూర్చుని సముద్ర భద్రతా ఒప్పందం చేసుకున్నాయి. ఈ డ్రిల్లు ఆ ఒప్పందపు నిబంధనల్లోదే. ఓడ ఎక్కిన 24 గంటల లోపు జరిపితే చాలన్న వెసులుబాటు చాలాకాలం ఉండేది. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ గీల్యో దీవి దగ్గర రాతికి గుద్దుకుని ఒరిగిపోయి 32 మంది మరణించారు. ఆ సాయంత్రమే చివిటవెక్కియా రేవులో ఎక్కిన దాదాపు 700 మందికి అప్పటికి డ్రిల్లు జరగలేదు, మర్నాటికి పెట్టుకున్నారు. ఆ ప్రమాదం తర్వాత నిబంధన మార్చారు. 2015 నుంచి ఓడ కదలకముందు గానీ, కదిలిన వెంటనే గానీ ఇది పూర్తి కావాలి. కొలను దగ్గర బట్టలు తడుపుకుని కూర్చున్నవాళ్ళను కూడా సిబ్బంది లేపి పంపేది అందుకే.

ఇక్కడ మీరు గమనించవలసింది ఇంకొకటి ఉంది. ప్రమాదం వస్తే ఏ చోట చేరాలన్నది గదిని బట్టి ఉంటుంది. మీ గదులు వేర్వేరు డెక్కుల్లో ఉంటే 14 మందిదీ ఒకే చోటు కాకపోవచ్చు. కార్డు మీద ఒక అక్షరమో అంకో ముద్రించి ఉంటుంది, దాన్ని ప్రతివారూ చదివి గుర్తుపెట్టుకోవాలి. చాలా ఓడల్లో ఇప్పుడు ఫోనులోనో గది టీవీలోనో వీడియో చూసి, ఆ చోటికి వెళ్ళి కార్డు గీయించుకుంటే సరిపోతుంది. అత్తయ్యగారిని కూర్చోబెట్టి, ‘మీ బదులు మేము వెళ్ళొస్తాం’ అంటే కుదరదు, ఆమె స్వయంగా వెళ్ళాలి. రద్దీ లేని ముందు గంటలోనే లిఫ్టులో తీసుకెళ్ళండి. ప్రమాద సమయంలో లిఫ్టులు వాడకూడదు కాబట్టి, మెట్లు దిగలేనివారికి సహాయం ఎలా అందుతుందో ఆ సిబ్బందినే అడగాలి, వాళ్ళు పేరూ గది నంబరూ రాసుకుంటారు. ఏడు పొట్టి కూతలు, ఆ వెంటనే ఒక పొడుగు కూత వినిపిస్తే ఆ చోటికి చేరాలన్నది ప్రపంచమంతటా ఒకటే సంకేతం. పిల్లలకు లెక్కపెట్టడం నేర్పండి, వాళ్ళు ఇష్టంగానే నేర్చుకుంటారు.

మీ వాట్సాప్ గ్రూపు సంగతి ఇప్పుడు చెప్పాలి. ఓడ తీరం దాటగానే అది దాదాపు మూగబోతుంది. ఫోనును అలాగే వదిలేస్తే ఓడ మీది ఉపగ్రహ నెట్‌వర్కును పట్టుకుంటుంది, మన రోమింగ్ ప్యాకుల్లో చాలావాటికి అది వర్తించదు, బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది. కాబట్టి రేవు విడిచే ముందే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి. వైఫై కావాలన్నవాళ్ళు ముందుగా కొనుక్కుంటే సాధారణంగా చవకగా వస్తుంది. మిగిలినవాళ్ళకు పాత పద్ధతే దిక్కు: గదుల్లోని ఫోన్ల నుంచి ఒక గదికీ ఇంకో గదికీ ఉచితంగా మాట్లాడుకోవచ్చు. అన్ని గదుల నంబర్లూ ఒక చీటీ మీద రాసి, ప్రతి ఒక్కరి కార్డు వెనకాల పెట్టండి. మీ 13 ఏళ్ళ అబ్బాయికి ఆ చీటీ ఇచ్చి, చీకటి పడకముందు ఎక్కడ కనిపించాలో చెప్పి వదిలేయవచ్చు. చిన్నమ్మాయిని మాత్రం బాల్కనీలో కుర్చీ ఎక్కనివ్వకండి, ఒంటరిగా అక్కడ ఉండనివ్వకండి. పిల్లల క్లబ్బులో ఆమె పేరు మొదటి మధ్యాహ్నమే నమోదు చేయించండి.

డబ్బు గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. స్నేహితులతో వెళ్ళేటప్పుడు చిరాకులు మొదలయ్యేది సాధారణంగా దీనిదగ్గరే. ఏ కుటుంబం కార్డుకు ఆ కుటుంబపు క్రెడిట్ కార్డే జత చేయాలి. ‘ఈ రౌండు నాది, రేపటిది నీది’ అన్న లెక్కలు వద్దు. ఓడలో సర్వీసు ఛార్జీ తలకింత, రోజుకింత అని దానంతట అదే బిల్లులో పడుతుందని అందరికీ తెలిసి ఉండాలి, లేకపోతే చివరి రోజున ప్రతివారూ మిమ్మల్నే అడుగుతారు. మద్యం ప్యాకేజీ ఒక గదిలో ఒకరు కొంటే ఆ గదిలోని పెద్దలంతా కొనాలన్న షరతు చాలా కంపెనీలు పెడతాయి. మీవారూ ఆయన స్నేహితుడూ ఈ షరతు చదివాకే నిర్ణయించుకోవాలి. అత్తమామల ఎదుట ఆ ప్రసక్తి ఎలా వస్తుందన్నది మీ ఇంటి సంగతి, నేను జోక్యం చేసుకోను.

సముద్రపు వాంతుల భయం మీరు రాయలేదు గానీ అత్తయ్యగారికి ఉండే ఉంటుంది. మలక్కా జలసంధికి ఒకవైపు సుమత్రా, ఇంకోవైపు మలయా ద్వీపకల్పం అడ్డుగా ఉండటం వల్ల అక్కడ పెద్ద అలలు అరుదు, డిసెంబరులో అండమాన్ సముద్రం కూడా సాధారణంగా నెమ్మదిగానే ఉంటుంది. అయినా పెద్దవాళ్ళ గది కింది డెక్కుల్లో, ఓడ మధ్యభాగంలో, లిఫ్టుకు దగ్గరగా ఉంటే కుదుపు తక్కువ తెలుస్తుంది, నడక కూడా తగ్గుతుంది. గది మార్చుకునే వీలు ఉంటే ఇప్పుడే మార్పించండి. మాత్ర వేసుకోదలిస్తే వికారం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి, అదీ డాక్టరును అడిగి.

ఓడ రేవు విడిచేది సాధారణంగా సాయంత్రం నాలుగు, అయిదు గంటల ప్రాంతంలో. సింగపూర్‌లో పొద్దు ఏడింటికి గానీ కుంకదు కనుక, భవనాలు వెనక్కి జరుగుతూ ఉండగా, లంగరు వేసి వరసలు వరసలుగా నిలిచిన సరుకు ఓడల మధ్య నుంచి మీ ఓడ సాగిపోవడం వెలుగులోనే చూడవచ్చు. చూడదలచినవాళ్ళు పై డెక్కుకు వస్తారు, నిద్రపోదలచినవాళ్ళు పోతారు. ఎవరినీ ఫోటో కోసం పిలుచుకురావద్దు. గుంపు ఫోటో భోజనాల దగ్గర తీసుకోండి.

ఆ భోజనానికి వేళ ఎంచుకునే అవకాశం ఇస్తే రెండో విడతనే ఎంచుకోండి. సింగపూర్ సమయం ఎనిమిదంటే మన కడుపుకు ఇంకా అయిదున్నరే. మొదటి విడతకు ఎవరికీ ఆకలి ఉండదు. మామయ్యగారికి మాత్రం డాక్టరు చెప్పిన వేళకు ఆయన గదిలోనే ఏదైనా ముందుగా పెట్టండి. నాలుగు బుకింగులనూ కలిపి ఒకే చోట బల్లలు ఇవ్వమని ఇప్పుడే ఓడ కంపెనీకి రాయాలి, ఎక్కాక అడిగితే పక్కపక్కన దొరకడం కష్టం. పెనాంగ్‌లో ఏం చూడాలి, ఫుకెట్‌లో ఎవరు ఏ పడవ ఎక్కాలి అన్న చర్చను ఆ బల్ల దగ్గరికి తీసుకురాకండి. అది ఈ ఆదివారమే, మియాపూర్‌లో మీ ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి తేల్చుకోండి. పనుల పంపకం కూడా అప్పుడే చేయండి.